పెద్ద నంబర్ ప్రైమా కాదా తేల్చడం ఎలా: లక్షా మూడుతో మొదట్నుంచి చివరిదాకా

మా పర్లాకిమిడిలో సాయంత్రం ట్యూషన్‌కి వచ్చే గుంటలు, బోర్డర్ అవతల పాతపట్నం నుంచి సైకిల్ మీద వచ్చేవాళ్ళు, అప్పుడప్పుడు వాళ్ళ నాన్నలు కూడా, అందరూ తిప్పి తిప్పి అడిగేది ఇదే. "మేస్టారూ, ఈ నంబర్ ప్రైమేనా? ఎలాగ తెలుస్తాది?" ఒడియా మీడియం వాడు మౌళిక సంఖ్య అంటాడు, ఇంట్లో నాన్న ప్రధాన సంఖ్య అంటాడు, ఇంగ్లీష్ మీడియం పిల్ల ప్రైమ్ అంటది, మూడూ ఒకటే, 1 కన్నా పెద్దదై, 1 తోనూ తనతోనూ తప్ప ఇంకే నంబర్‌తోనూ శేషం లేకుండా భాగించలేని నంబర్ అన్నమాట, ఇక్కడ నేను ప్రైమ్ అనే రాస్తాను. గిడుగు రామమూర్తి పంతులు గారు పాఠాలు చెప్పిన ఊరు మాది, లెక్కలు కూడా మనం మాట్లాడుకునే తెలుగులో రాస్తేనే బుర్రకెక్కుతాయని నా గట్టి నమ్మకం.

నేను పట్టుకునే నంబర్ 100003, అంటే లక్షా మూడు. ఆరంకెల ప్రైముల్లో అన్నిటికన్నా చిన్నది. నా మాట నమ్మొద్దు, మీరే తేల్చండి. ఒకసారి ఇది చేత్తో చేసినవాళ్ళకి తర్వాత ఏ నంబరైనా భయం ఉండదు.

కావలసినవి

ఒక రూళ్ళ నోట్‌బుక్. ఒక కాలిక్యులేటర్, కిరాణా కొట్లో ఉండే 12 అంకెలది అయితే చాలా మంచిది, ఫోన్లో ఉన్నదైనా పనికొస్తాది. 316 లోపు ప్రైముల లిస్ట్. ఈ లిస్ట్ బజార్లో గైడ్లోంచి దించుకోకండి, మీరే జల్లెడ పట్టి రాసుకోండి: 1 నుంచి 316 వరకు రాసి, 1 కొట్టేసి, 2ని ఉంచి దాని గుణిజాలన్నీ కొట్టేసి, 3కి అలాగే, 5కి, 7కి, 11కి, 13కి, 17కి. అక్కడితో ఆపెయ్యొచ్చు, ఎందుకంటే 19 ఇంటూ 19 అంటే 361, మన లిస్ట్ దాటిపోయింది.

లిస్ట్ కరెక్టా కాదా చూసుకోడానికి లెక్కపెట్టండి. వంద లోపు 25 రావాలి, వంద నుంచి రెండొందల మధ్య 21, రెండొందల నుంచి మూడొందల మధ్య 16, ఆ తర్వాత 307, 311, 313 మూడు. మొత్తం 65. మీకు 67 వచ్చాయంటే ఎక్కడో 91 గానీ 119 గానీ 133 గానీ 221 గానీ మిగిలిపోయుంటాది, ముందు వాటిని చూడండి. 91 అయితే ప్రతి బ్యాచ్‌లోనూ ఎవరో ఒకరు ప్రైమ్ అంటారు, అది 7 ఇంటూ 13.

1. ఎంతవరకు చెక్ చేయాలో ముందు తేల్చుకోండి

కాలిక్యులేటర్‌లో 100003 కొట్టి వర్గమూలం నొక్కండి. 316.23 దాకా వస్తాది. థియరీ ఇంతే: ఒక నంబర్ రెండు ముక్కల గుణకారం అయితే, ఆ రెండిట్లో చిన్నది ఈ వర్గమూలం దాటదు. కాబట్టి 313 దాకా ఉన్న ప్రైములు ఏవీ భాగించకపోతే పని అయిపోయినట్టే, సగం దాకా వెళ్ళక్కర్లేదు.

ఇక్కడ రెండు రకాలుగా తప్పులు చేస్తారు. కొందరు 50001 దాకా చేయాలేమో అని భయపడి వదిలేస్తారు. ఇంకొందరు "వంద దాకా చూశాను మేస్టారూ, ఏదీ పడలేదు, ప్రైమే" అని ఆపేస్తారు. పోయిన ఏడాది తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె 97343 తెచ్చి ఇదే మాట అంది, నోట్‌బుక్ తెరిస్తే 2 నుంచి 97 దాకా ఇరవై అయిదు భాగహారాలూ ముత్యాల్లా ఉన్నాయి, ఒక్కటీ తప్పు లేదు, కానీ ఆ నంబర్ 311 ఇంటూ 313. అంత కష్టమూ గీత గీసిన చోటు తప్పవడం వల్ల పోయింది. అందుకే పేజీ మీద మొట్టమొదట "ఆఖరి ప్రైమ్: 313" అని రాసి దాని చుట్టూ గుండ్రం చుట్టమంటాను.

2. చకచకా తీసెయ్యగలిగినవి తీసెయ్యండి

2, 5: చివరి అంకె 3, కాబట్టి రెండూ పడవు. 3: అంకెల మొత్తం 1+3 = 4, పడదు.

7, 11, 13: ఈ మూడిటికీ కలిపి ఒకటే దెబ్బ. 7×11×13 = 1001 కాబట్టి, నంబర్‌ని కుడి నుంచి మూడేసి అంకెలుగా విడగొట్టి ఒకటి కలిపి ఒకటి తీసెయ్యండి. 100003 అంటే 100, 003. తేడా 97. ఈ 97ని 7 భాగించదు, 11 భాగించదు, 13 భాగించదు, కాబట్టి మన నంబర్‌నీ భాగించవు.

జాగ్రత్త! మనం రాసేటప్పుడు 1,00,003 అని కామాలు పెడతాం కదా, ఆ కామాల దగ్గర విడగొట్టేస్తారు చాలామంది, 1, 00, 003 అని. అప్పుడు వచ్చేదంతా తప్పే. ఈ లెక్కకి మాత్రం లక్షల కామాలు మర్చిపోండి, కుడి నుంచి మూడు మూడు.

అదే మూడేసి ముక్కల్ని ఈసారి కలిపితే 37కి పనికొస్తాది, ఎందుకంటే 999లో 37 ఉంది. 100+3 = 103, అందులోంచి 74 తీస్తే 29 మిగిలింది, పడలేదు.

3. భాగహారాలకి ముందు ఒక వర్గం చెక్

ఇది అయిదు నిమిషాల పని, కొన్నిసార్లు గంట మిగులుస్తాది. వర్గమూలానికి పైన ఉన్న మొదటి పూర్ణ సంఖ్య తీసుకొని, దాని వర్గంలోంచి మన నంబర్ తీసెయ్యండి, మిగిలింది కూడా వర్గమైతే నంబర్ రెండు ముక్కలైపోయినట్టే. 97343కి చేయండి: 312 వర్గం 97344, మిగిలింది 1, అదీ వర్గమే, కాబట్టి (312−1)×(312+1). ఒక్క లైన్‌లో తేలిపోయింది.

మన 100003కి 317 వర్గం 100489, మిగిలింది 486, 22 వర్గం 484 కాబట్టి ఇది వర్గం కాదు. 318 వర్గం 101124, మిగిలింది 1121, అదీ కాదు. రెండు మూడు సార్లు చూసి వదిలెయ్యండి. ఇక్కడ దొరక్కపోతే ప్రైమ్ అని కాదు, దగ్గర దగ్గర సైజులో రెండు ముక్కలు లేవని మాత్రమే.

4. భాగించండి, శేషం రాయండి

అసలు పని ఇదే. 17 నుంచి 313 వరకు ఒక్కొక్కటే. ఒక లైన్ ఎలా చేయాలో చూడండి:

100003 ÷ 17 = 5882.529...
పాయింట్ తర్వాతది వదిలేసి, 5882 × 17 = 99994
100003 − 99994 = 9. శేషం 9 అని రాయండి.

"పాయింట్ వచ్చింది కదా మేస్టారూ, మళ్ళీ గుణించడం దేనికి?" అంటారు. దేనికంటే, 8 అంకెల చిన్న కాలిక్యులేటర్‌లో 99999989 ని 3తో భాగించి చూడండి, 33333329 అని పాయింట్ లేకుండా కనిపిస్తాది. పట్టేసిందనుకుంటారు. తిరిగి గుణిస్తే 99999987, అంటే శేషం 2. స్క్రీన్‌లో చోటు లేక పాయింట్ తర్వాతది ఎగిరిపోయింది, అంతే. శేషం రాసే అలవాటు ఉన్నవాడు ఈ గోతిలో ఎప్పుడూ పడడు, అందుకే నా దగ్గర శేషం రాయని లైన్‌కి మార్కు లేదు.

మీరు సరిగ్గా చేస్తున్నారా చూసుకోడానికి కొన్ని శేషాలు ఇస్తున్నా: 19కి 6, 23కి 22, 29కి 11, 31కి 28, 307కి 228, 311కి 172, 313కి 156. శేషం ఎప్పుడూ భాగించే నంబర్ కన్నా తక్కువే ఉండాలి, ఎక్కువొస్తే ఆ లైన్ మళ్ళీ చేయండి.

ఇంకో మంచి చెక్ ఉంది, ఇది నాకు చాలా ఇష్టం. పేజీ మొత్తం పూర్తయ్యాక శేషం 1 వచ్చిన లైన్లు వెతకండి. 2, 3, 7 దగ్గర తప్ప ఇంకెక్కడా 1 రాకూడదు. ఎందుకంటే శేషం 1 అంటే ఆ ప్రైమ్ 100002ని భాగించాలి, 100002 = 2×3×7×2381, 2381 కూడా ప్రైమే, మన లిస్ట్ బయట ఉంది. అలాగే శేషం 2 అనేది 11 దగ్గర మాత్రమే రావాలి, 100001 = 11×9091 కాబట్టి. మీ పేజీలో 43 దగ్గర 1 అని ఉందంటే అక్కడ తప్పు చేశారు, నేను చూడకుండానే చెప్పగలను.

రెండో మెట్టులో తీసేసినవాటితో కలిపి 65 ప్రైముల్లో ఒక్కదాని దగ్గరా శేషం 0 రాలేదా? అయితే లక్షా మూడు ప్రైమ్. ఇది ఊహ కాదు, రుజువు.

5. నంబర్ ఇంకా పెద్దదైతే

పది అంకెలు దాటితే ఈ పద్ధతి చేత్తో అవ్వదు. అప్పుడు ఫెర్మా టెస్ట్. 2ని, (నంబర్ − 1) సార్లు గుణించి, ఆ నంబర్‌తో భాగిస్తే శేషం 1 రావాలి. రాలేదంటే ప్రైమ్ కానే కాదు, కారణాంకాలు ఏంటో తెలియకపోయినా సరే.

చిన్నదాని మీద చేయండి, 91. 2¹² = 4096, అందులో 91 ఇంటూ 45 అంటే 4095 తీస్తే శేషం 1. 90లో పన్నెండ్లు ఏడు పోగా మిగిలింది 6, కాబట్టి 2⁹⁰ శేషం 2⁶ అంటే 64. 1 కాదు. 91 దొరికిపోయింది.

ఇప్పుడు 341 చూడండి. 2¹⁰ = 1024, 341×3 = 1023, శేషం 1. అంటే 2³⁴⁰ శేషం కూడా 1. టెస్ట్ పాస్! కానీ 341 = 11×31. అందుకే 1 వచ్చింది కదా అని ప్రైమ్ అని రాసెయ్యకండి. 1 రాకపోతే కాదు అని ఖాయం, 1 వస్తే "కావచ్చు" అని మాత్రమే. 2 బదులు 3తో చేస్తే 341కి శేషం 56 వస్తాది, అప్పుడు దొరుకుతాది.

ఇలా గుణించుకుంటూ పోయే 2 గానీ 3 గానీ దాన్ని బేస్ అంటారు. అయితే కొన్ని నంబర్లు బేస్ మార్చినా దొరకవు. 561 అలాంటిది, రామానుజన్ పేరుతో అందరికీ తెలిసిన 1729 కూడా అలాంటిదే. 1729 = 7×13×19, కానీ ఈ మూడిటితో సంబంధం లేని ఏ బేస్ తీసుకున్నా ఫెర్మా టెస్ట్ పాసైపోతాది. వీటిని కార్మైకేల్ సంఖ్యలు అంటారు. వీటికోసం మిల్లర్ రాబిన్ టెస్ట్ వాడాలి, చేసేది ఇలా: 1728ని సగం చేసుకుంటూ పోండి బేసి సంఖ్య వచ్చేదాకా, 27 దగ్గర ఆగుతారు. 2²⁷ని 1729తో భాగిస్తే శేషం 645. దాన్ని వర్గం చేసి శేషం తీస్తే 1065. మళ్ళీ వర్గం చేస్తే 1. ప్రైమ్ అయితే 1కి ముందు మెట్టు మీద 1728 ఉండి తీరాలి, ఇక్కడ 1065 ఉంది. 1729 పట్టుబడింది.

లక్షా మూడుకి ఇది ఇంకా సులువు, 100002లో సగం 50001 అప్పటికే బేసి. కాబట్టి ఒకటే ఘాతం, 50001. శేషం 1 గానీ 100002 గానీ రావాలి. 2, 3, 5, 7 నాలుగు బేసులకీ 100002 వస్తాది, 11కి 1 వస్తాది. మీ ఫోన్‌లో ఇవే వచ్చాయా చూడండి, రాకపోతే ప్రోగ్రామ్‌లో తప్పుంది.

ఈ 2, 3, 5, 7 బేసులు నాలుగూ పాసైతే 3,21,50,31,751 కన్నా చిన్న నంబర్ ఏదైనా ఖాయంగా ప్రైమే, "కావచ్చు" కూడా అక్కర్లేదు. సరిగ్గా ఆ నంబర్ మాత్రం ప్రైమ్ కాకుండానే నాలుగూ పాసవుతాది, హద్దు అక్కడే.

ఫోన్‌లో పైథాన్ వేసుకుంటే ఘాతం ఫంక్షన్‌కి మూడు నంబర్లు ఇవ్వొచ్చు: బేస్, ఘాతం, భాగించే నంబర్. మూడోది తప్పకుండా ఇవ్వండి. ఇవ్వకుండా ముందు 2¹⁰⁰⁰⁰² మొత్తం కట్టి తర్వాత శేషం తీస్తే అది 30,104 అంకెల నంబర్, దీనికైతే ఫోన్ తట్టుకుంటాది గానీ పదిహేను అంకెల నంబర్‌కి అలా చేస్తే ఎప్పటికీ తేలదు. ఇంకో మాట, భాగహారానికి ఒక గీత గుర్తు (/) కాకుండా శేషం గుర్తే (%) వాడండి, ఒక గీతతో పెద్ద నంబర్ల చివరి అంకెలు పోతాయి. ఎక్సెల్‌లో అయితే 15 అంకెలు దాటిన నంబర్ కొట్టారంటే మిగతావి సున్నాలైపోతాయి, పెద్ద నంబర్లకి ఎక్సెల్ జోలికి పోకండి.

6. 2 ఘాతాల్లోంచి ఒకటి తీసేస్తే వచ్చే నంబర్లకి

2⁷−1, 2³¹−1 లాంటివి మెర్సెన్ సంఖ్యలు, వీటికి సొంత టెస్ట్ ఉంది, లూకాస్ లెమర్ అంటారు. 4తో మొదలుపెట్టి, వర్గం చేసి 2 తీసేసి, నంబర్‌తో భాగించి శేషం రాయాలి. ఇలా ఘాతం కన్నా రెండు తక్కువ సార్లు. చివర 0 వస్తే ప్రైమ్.

2⁷−1 = 127కి అయిదు సార్లు: 4, 14, 67, 42, 111, 0. ప్రైమ్.
2¹¹−1 = 2047కి తొమ్మిది సార్లు: 4, 14, 194, 788, 701, 119, 1877, 240, 282, 1736. సున్నా రాలేదు, ప్రైమ్ కాదు, 23×89.

ఎక్కువమంది తప్పు లెక్కపెట్టడంలో చేస్తారు, మొదటి 4ని కూడా ఒక సారి కింద లెక్కేస్తారు. 4 అనేది మొదలు, లెక్కలోకి రాదు. ఇంకోటి, ఘాతం ప్రైమ్ అయితే ఫలితం కూడా ప్రైమ్ అనుకోవడం, 11 ప్రైమే గానీ 2047 కాదు కదా. 2⁶⁷−1ని కూడా మెర్సెన్ తన లిస్ట్‌లో ప్రైమ్ అని రాశాడు, 1903లో కోల్ దాన్ని 193707721 × 761838257287 అని విడగొట్టి చూపించాడు.

2³¹−1 అంటే 2147483647, దీన్ని 1772లో ఆయిలర్ ప్రైమ్ అని తేల్చాడు, కాలిక్యులేటర్ లేని రోజుల్లో. ఆయన వాడిన ఒక కిటుకు మీరూ వాడుకోవచ్చు: ఈ నంబర్‌కి కారణాంకం ఏదైనా ఉంటే దాన్ని 62తో భాగిస్తే శేషం 1 రావాలి, మిగతా ప్రైములన్నీ చూడకుండానే వదిలెయ్యొచ్చు. 2047కి చూడండి, 22తో భాగిస్తే 23కీ 89కీ శేషం 1.

ఇప్పటిదాకా తెలిసిన అన్నిటికన్నా పెద్ద ప్రైమ్ కూడా ఈ జాతిదే, 2¹³⁶²⁷⁹⁸⁴¹−1, 2024 అక్టోబర్‌లో దొరికింది, 4,10,24,320 అంకెలు. దాన్ని పట్టినవాళ్ళు కూడా ముందు ఫెర్మా టెస్ట్ చేసి, తర్వాత లూకాస్ లెమర్‌తో ఖాయం చేసుకున్నారు. మీరు నోట్‌బుక్‌లో 127కి చేసింది అదే లెక్క. మన దేశం మాట వస్తే, 2002లో ఐఐటీ కాన్పూర్ నుంచి మణీంద్ర అగ్రవాల్, నీరజ్ కయాల్, నితిన్ సక్సేనా ఏ నంబర్‌కైనా అనుమానం లేకుండా, అంకెల సంఖ్యతో పోలిస్తే మరీ విపరీతంగా పెరగని టైమ్‌లో తేల్చే పద్ధతి ఇచ్చారు. రోజువారీ వాడకానికి మిల్లర్ రాబినే వేగం, కానీ ఆ రుజువు అందం వేరు, ఇంటర్ అయ్యాక తప్పకుండా చదవమని పిల్లలకి చెప్తూ ఉంటాను.

7. ప్రైమ్ అని తేలాక గుణాలు ఎలా రాయాలి

ప్రాజెక్ట్ పని ఇచ్చినప్పుడు "ఈ ప్రైమ్ గుణాలు రాయండి" అంటే ఏం రాయాలో తెలియక అంకెల మొత్తం రాసి ఊరుకుంటారు. ఇవి రాయండి, ప్రతిదాని పక్కనా చెక్ చేసిన లైన్ కూడా పెట్టండి.

వరస: లక్ష లోపు 9592 ప్రైములు ఉన్నాయి, 100001 ప్రైమ్ కాదు, కాబట్టి లక్షా మూడు 9593వ ప్రైమ్.

పక్కవాళ్ళు: ముందు ప్రైమ్ 99991, తర్వాతది 100019. 100001ని 11, 100005ని 5 భాగిస్తాయి కాబట్టి దీనికి కవల ప్రైమ్, అంటే రెండు తేడాలో ఉండే ప్రైమ్, లేదు.

4తో శేషం: చివరి రెండంకెలు 03, శేషం 3. శేషం 1 వచ్చే ప్రైములు రెండు వర్గాల మొత్తంగా రాయొచ్చు, 13 = 4+9 లాగ. శేషం 3 అయితే ఎంత వెతికినా కుదరదు, వెతకొద్దు కూడా. రెండు వర్గాల తేడాగా మాత్రం ఒకే ఒక్క రకంగా వస్తాది: 50002² − 50001².

6తో శేషం 1, 6×16667+1. ఇక్కడ ఒక మాట, 3 దాటిన ప్రైములన్నిటికీ 6తో శేషం 1 గానీ 5 గానీ వస్తాది, నిజమే. కానీ అలా వచ్చినవన్నీ ప్రైములు కావు. 25 చూడండి, 35 చూడండి, మళ్ళీ మన 91 చూడండి.

తిరగేస్తే: 300001 = 13×23077, ప్రైమ్ కాదు. రెట్టింపుకి ఒకటి కలిపితే 200007, అంకెల మొత్తం 9, 3 భాగిస్తాది, కాబట్టి సోఫీ జెర్మేన్ ప్రైమ్ (రెట్టింపుకి ఒకటి కలిపినా ప్రైమే వచ్చేది) కాదు. "కాదు" అని రాయడం కూడా గుణమే, సిగ్గుపడక్కర్లేదు.

ఒక వరస చూసి మిగతావి కూడా అంతే అని మాత్రం రాయకండి. 31, 331, 3331 అని మొదలుపెట్టి 33333331 దాకా అన్నీ ప్రైములే, ఆ తర్వాతి 333333331 మాత్రం 17×19607843. అలాగే మొదటి కొన్ని ప్రైములు గుణించి ఒకటి కలిపితే ప్రైమ్ వస్తాదని నేనో గైడ్‌లో చదివి చిన్నప్పుడు చాలా రోజులు నమ్మాను. 2×3×5×7×11×13+1 = 30031, అది 59×509.

చేయి తిరగడానికి

100007, 100009, 100013. మూడూ ప్రైములు కావు, వర్గమూలం మూడిటికీ 316 దగ్గరే. 100009 రెండో మెట్టు మీదే దొరుకుతాది, మూడేసి ముక్కల తేడా 91 వస్తాది చూడండి. 100007కి 97 దాకా ఓపిక పట్టాలి, 97×1031. 100013 దగ్గర వంద లోపు ఏదీ పట్టదు, 101 కూడా పట్టదు, ఆ తర్వాతి ప్రైమ్‌తో శేషం 0 వస్తాది.